తీర్మానం అయ్యాక దళం దిగేదాకా మధ్యలో ఏం జరుగుతుంది?

అశోక్‌నగర్‌లో గ్రూప్-1కు ప్రిపేర్ అవుతున్నానంటూ మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: "భద్రతా మండలి తీర్మానం చేసి ఏడాదైనా శాంతి పరిరక్షక దళంలో సగం మంది కూడా దిగరు. ఈలోగా రాయబారులు, ప్రత్యేక దూతలు 'దళాల తరలింపు త్వరగా జరిగేలా చూస్తున్నాం' అని ప్రకటనలు ఇస్తూనే ఉంటారు. వాళ్లు నిజంగా చేసేది ఏమైనా ఉందా, లేక కంటితుడుపేనా?"

నేను సైన్యంలో సరఫరా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్నాను. సర్వీసులో ఉండగా కాంగోలోని ఐక్యరాజ్యసమితి మిషన్‌లో ఒక టర్మ్ చేశాను. న్యూయార్క్ గదుల్లో జరిగేది నేను చదివి తెలుసుకున్నదే. ఓడరేవులో, ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగేది మాత్రం కళ్లారా చూశాను. కంటితుడుపు ఉంది, కాదనను. కానీ అసలు పని కూడా ఉంది. అది పేపర్లలో రాదు.

ముందు మన ఊరి సంగతితో మొదలుపెడతాను. వినాయక నిమజ్జనం బందోబస్తుకు జిల్లాల నుంచి పోలీసులను హైదరాబాద్‌కు రప్పిస్తారు కదా. మా తోడల్లుడు పోలీసు శాఖలో చేసి రిటైరయ్యాడు, ఆ పని ఎంత పెద్దదో ఆయన చెబుతుంటే వినాలి. వచ్చినవాళ్లు పడుకోవడానికి ఫంక్షన్ హాళ్లు, నీళ్ల క్యాన్లు, టిఫిన్ పొట్లాలు, బస్సులు, ఎవరు ఏ పాయింట్‌లో నిలబడాలో రాసిన చీటీలు, వైర్‌లెస్ సెట్లు. ఇదంతా ఒకే రాష్ట్రం, ఒకే భాష, ఒకే డీజీపీ, ఒకే ఖజానా. అయినా వారాల ముందు నుంచి కసరత్తు చేస్తారు.

ఇప్పుడు ఇందులోంచి డీజీపీని తీసేయండి. ఖజానాను తీసేయండి. బస్సులు ఒక దేశానివి, మనుషులు ఇంకో దేశం వాళ్లు, ట్యాంక్‌బండ్ మీద అడుగు పెట్టాలంటే అక్కడి ప్రభుత్వం ఒప్పుకోవాలి అనుకోండి. ఐరాస పరిస్థితి అదీ. దానికి సొంత సైన్యం లేదు. ఐరాస చార్టర్‌లోని 43వ అధికరణం ప్రకారం సభ్య దేశాలు ముందే ఒప్పందాలు చేసుకుని మండలికి సైన్యాన్ని అందుబాటులో ఉంచాలి. 1945 నుంచి ఇప్పటిదాకా అలాంటి ఒప్పందం ఒక్కటి కూడా కుదరలేదు. కాబట్టి తీర్మానంలో "19,555 మంది సైనికులు" అని రాస్తే అంతమంది ఉన్నారని కాదు, అంతమంది దాకా పంపడానికి అనుమతి ఉందని. ఆ తర్వాత జోలె పట్టుకుని దేశం దేశం తిరగడమే.

ఆ అంకె దార్ఫూర్‌ది. ఈ విషయంలో దార్ఫూర్ కంటే మంచి పాఠం నాకు కనిపించలేదు. అందుకే దాని మీదే కాస్త ఎక్కువసేపు ఉంటాను.

పశ్చిమ సూడాన్‌లోని దార్ఫూర్ విస్తీర్ణం మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపిన దానికి రెట్టింపు కంటే కొంచెం తక్కువ. అక్కడ 2003లో యుద్ధం మొదలైంది. ఆఫ్రికా దేశాల కూటమి అయిన ఆఫ్రికన్ యూనియన్ దాదాపు 7 వేల మందిని పంపింది కానీ అంత నేలకు ఆ మంది ఏ మూలకు? 2006 ఆగస్టు 31న మండలి 1706వ తీర్మానం చేసి, 17 వేలకు పైగా ఐరాస సైనికులను పంపాలంది. అయితే అందులోనే సూడాన్ ప్రభుత్వ సమ్మతిని కోరుతున్నామని కూడా రాసింది. రాజధాని ఖార్టూమ్‌లోని సూడాన్ ప్రభుత్వం "కుదరదు" అంది. అంతే, ఒక్క బెటాలియన్ కూడా దిగలేదు. మండలి తీర్మానం కాగితంగానే ఉండిపోయింది.

దౌత్యం అసలు పని ఇక్కడే మొదలైంది. సూడాన్ అధ్యక్షుడు బషీర్ బయటికి చెప్పిన అభ్యంతరం ఒకటే, ఐరాస పేరుతో పాశ్చాత్య సైన్యాలు తమ దేశంలోకి వస్తాయని. దాన్ని తోసిపుచ్చి లాభం లేదని తేలాక, 2006 నవంబరు 16న ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో అప్పటి ఐరాస సెక్రటరీ జనరల్ కోఫీ అన్నన్ అందరినీ కూర్చోబెట్టి ఒక మధ్యేమార్గం పట్టారు. మొదట ఆఫ్రికన్ యూనియన్ దళానికి చిన్న సాయం, తర్వాత పెద్ద సాయం, చివరికి ఐరాస, ఆఫ్రికన్ యూనియన్ కలిసి నడిపే "హైబ్రిడ్" దళం. ఆ మాట వినడానికి ఏదో మేనేజ్‌మెంట్ భాషలా ఉంటుంది కానీ, ఆ ఒక్క మాటతో బషీర్‌కు పరువు దక్కింది, ఐరాసకు ద్వారం తెరుచుకుంది. "మేం ఐరాసను రానివ్వలేదు, ఆఫ్రికా సోదరులనే రానిచ్చాం" అని ఆయన ఇంట్లో చెప్పుకోవచ్చు.

ఇక ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చింది? అప్పట్లో సూడాన్ చమురు కొనేది ముఖ్యంగా చైనా. 2008లో బీజింగ్ ఒలింపిక్స్ ఉన్నాయి, వాటిని దార్ఫూర్‌తో ముడిపెట్టి విమర్శలు హోరెత్తాయి. 2007 ఫిబ్రవరిలో చైనా అధ్యక్షుడు హు జింటావో ఖార్టూమ్ వెళ్లారు. మేలో లియు గుయ్‌జిన్‌ను చైనా ప్రత్యేక దూతగా నియమించింది. జూన్‌లో ఖార్టూమ్ హైబ్రిడ్ దళానికి ఒప్పుకుంది, జులై 31న 1769వ తీర్మానం వచ్చింది. ఒప్పుకోవడానికి ఎవరి మాట ఎంత పనిచేసిందో తూకం వేసి చెప్పలేం కానీ, నా లెక్కలో వాషింగ్టన్ గట్టిగా అరిచిన అరుపుల కంటే బీజింగ్ మెల్లగా చెప్పిన మాటకే బరువు ఎక్కువ. సరుకు కొనేవాడి మాటకు ఉన్న విలువ పక్కింటివాడి తిట్లకు ఉండదు.

తీర్మానం అయింది, సమ్మతి దొరికింది. అయిపోయిందా? లేదు.

తీర్మానంలో దళం "ప్రధానంగా ఆఫ్రికన్ స్వభావం" కలిగి ఉండాలని ఒక మాట ఉంది. ఒప్పందం కుదరడానికి పనికొచ్చిన ఆ మాటే ఇప్పుడు అడ్డుపుల్లయింది. థాయిలాండ్ పదాతి దళం సిద్ధంగా ఉంది, నేపాల్ దళం సిద్ధంగా ఉంది, నార్వే, స్వీడన్ కలిసి ఇంజినీర్లను పంపుతామన్నాయి. వాళ్లెవరూ ఆఫ్రికన్లు కారని ఖార్టూమ్ అడ్డుచెప్పింది. ఎదురుచూసి ఎదురుచూసి 2008 జనవరిలో నార్వే, స్వీడన్ ఇంజినీర్లను వెనక్కి తీసుకున్నాయి. ఇంజినీర్లు లేకపోతే క్యాంపు లేదు, బావి లేదు, రన్‌వే లేదు. క్యాంపు లేకపోతే బెటాలియన్ వచ్చినా ఎక్కడ దిగుతుంది? చైనా ఇంజినీర్లు మాత్రం 2007 నవంబరు నుంచే దార్ఫూర్‌లోని న్యాలా పట్టణంలో దిగడం మొదలుపెట్టారు. ఎందుకు వాళ్లకు అభ్యంతరం రాలేదో మీకు నేను చెప్పక్కర్లేదు.

దేశం పేరు చూసి దళాన్ని వద్దనడం కొత్తేమీ కాదు. 1956లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ఈజిప్టు మీద దాడి చేసిన సూయజ్ గొడవప్పుడు కెనడా "క్వీన్స్ ఓన్ రైఫిల్స్" బెటాలియన్‌ను పంపబోతే ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ వద్దన్నారు. నిన్నటిదాకా మా మీద బాంబులేసింది బ్రిటిష్ వాళ్లు, వీళ్ల పేరులో రాణి, ఒంటి మీద అవే బట్టలు, మా జనం తేడా ఎలా గుర్తుపడతారు అన్నది వాదన. న్యాయమే కదా. అప్పటి సెక్రటరీ జనరల్ డాగ్ హమ్మర్‌షోల్డ్ వాదనకు దిగకుండా కెనడా నుంచి సరఫరా, సిగ్నల్స్ లాంటి విభాగాలను తీసుకున్నారు, పదాతి దళాలను మన భారత్‌తో సహా వేరే దేశాల నుంచి తెచ్చుకున్నారు. నవంబరు మొదటి వారంలో తీర్మానాలు, 15న మొదటి సైనికులు ఈజిప్టులో. ఐరాస సైనికుల గుర్తు అయిన నీలం హెల్మెట్ పుట్టింది కూడా ఆ తొందరలోనే. నీలం బెరేలు (గుడ్డ టోపీలు) కుట్టించే టైం లేక, అమెరికా దగ్గర ఉన్న హెల్మెట్ లైనర్లకు (హెల్మెట్ లోపలి తొడుగులకు) నీలం రంగు కొట్టించి పెట్టుకున్నారు.

మళ్లీ దార్ఫూర్‌కు వద్దాం. దళం హోదా ఒప్పందం అని ఒకటుంటుంది. సైనికుల వీసాలు, సుంకం మినహాయింపు, వైర్‌లెస్ ఫ్రీక్వెన్సీలు, విమానాలు ఎప్పుడు ఎగరొచ్చు, నేరం చేస్తే విచారణ ఎవరిది, ఇవన్నీ అందులో ఉంటాయి. సూడాన్ దానిమీద సంతకం చేసింది 2008 ఫిబ్రవరి 9న. తీర్మానానికీ దానికీ ఆరు నెలల తేడా. ఈలోగా 2007 డిసెంబరు 31న ఆఫ్రికన్ యూనియన్ సైనికులు ఆకుపచ్చ బెరేలు తీసి నీలం బెరేలు పెట్టుకున్నారు. దళం "ప్రారంభమైంది" అని ప్రపంచమంతా వార్త. ఉన్నది సుమారు 9 వేల మంది, సైనికులు, పోలీసులు కలిపి కావలసింది 26 వేలు. నీలం బెరే పెట్టుకున్న మొదటి రోజుల్లోనే, జనవరి 7న, వాళ్ల సరఫరా కాన్వాయ్ మీద సూడాన్ సైన్యమే కాల్పులు జరిపింది.

తప్పంతా ఖార్టూమ్ మీదే వేసేస్తే అది కూడా సగం నిజమే అవుతుంది. దళానికి 24 హెలికాప్టర్లు కావాలన్నారు, 18 రవాణాకు, 6 దాడికి. రోడ్డు లేని అంత ప్రాంతంలో హెలికాప్టర్ లేని దళం అంటే కాళ్లు కట్టేసిన దళమే. అప్పటి సెక్రటరీ జనరల్ బాన్ కీ మూన్ స్వయంగా ఒక్కో రాజధానికి ఫోన్ చేశారు. పెద్ద దేశాలు దార్ఫూర్ గురించి కన్నీళ్లు కార్చాయి కానీ ఒక్క హెలికాప్టర్ ఇవ్వలేదు. ఇరాక్‌లో ఉన్నాయి, అఫ్గానిస్తాన్‌లో ఉన్నాయి అన్నారు. చివరికి ఇథియోపియా 5 హెలికాప్టర్లు ఇచ్చింది, అవి చేరింది 2010లో.

మరి త్వరపెట్టే పని ఎలా జరిగింది అంటే, 2008లో రెండు చిన్న ఏర్పాట్లు జరిగాయి. ఒకటి, ఐరాస, ఆఫ్రికన్ యూనియన్, సూడాన్ అధికారులు ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చునే త్రైపాక్షిక కమిటీ. అక్కడ ఉపన్యాసాలుండవు. ఎన్ని వీసాలు ఆగాయి, ఏ కంటైనర్లు ఓడరేవులో ఉన్నాయి, ఏ విమానానికి అనుమతి రాలేదు, జాబితా తీసి ఒక్కోటి టిక్ పెట్టుకోవడమే. రెండోది, అమెరికా, కెనడా చొరవతో ఏర్పడిన మిత్రదేశాల బృందం. ఆఫ్రికన్ బెటాలియన్లకు శిక్షణ, సామగ్రి, విమానాలు ఎవరు ఏది ఇవ్వాలో పంచుకున్నారు. 2009 జనవరిలో అమెరికా సి-17 రవాణా విమానాలు రువాండా దళం సామగ్రిని మోసుకెళ్లింది ఇలాంటి సర్దుబాట్ల వల్లే. ఈ రెండూ మొదటి రోజు నుంచే ఉండాల్సినవి. నెలలు పోయాక వచ్చాయి.

ఓడరేవు మాట వచ్చింది కాబట్టి నా సొంత అనుభవం ఒకటి. కాంగో తూర్పున ఉన్న మా దళానికి సామాను ఓడలో వచ్చి, తూర్పు ఆఫ్రికాలో వేరే దేశం ఓడరేవులో దిగి, అక్కడి నుంచి లారీల్లో రావాలి. మనుషులేమో విమానంలో ముందే దిగిపోయారు. నీళ్లు శుద్ధిచేసే ప్లాంటు, జనరేటర్లు, వంట స్టవ్‌లు అన్నీ ఆ కంటైనర్లలోనే. నన్ను లైజన్ పని మీద ఓడరేవుకు పంపారు. వెళ్తే తెలిసిందేమిటంటే, సుంకం మినహాయింపు ఒప్పందం ఉన్నది కాంగోతో. ఈ ఓడరేవు కాంగోది కాదు. దారిలో ఉన్న దేశానికి ఆ కాగితంతో సంబంధమే లేదు. దీనికి వేరే అనుమతి, వేరే స్టాంపు.

కౌంటర్ వెనక గుమస్తా జాబితా మీద వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుతూ ఒకచోట ఆగిపోయాడు. "పొడి, ఎరుపు, 40 బస్తాలు." ఏమిటిది, రసాయనమా? కారంపొడి అని చెప్పాను. 40 బస్తాల కారం ఎవరు తింటారని అతని అనుమానం. అతని తప్పేముంది? మన తిండి అతనికేం తెలుసు? ఫైలు పక్కన పెట్టేశాడు. మూడు రోజులు అది పక్కనే ఉంది. అక్కడ మా క్యాంపులో జవాన్లు బాటిల్ నీళ్లు లెక్కపెట్టుకుని తాగుతున్నారు, నాకేమో టెన్షన్. చివరికి మన రాయబార కార్యాలయం నుంచి ఒక కుర్ర అధికారి వచ్చాడు. పొద్దున ఎనిమిదింటికి ఆ ఆఫీసు బెంచీ మీద కూర్చుంటే సాయంత్రం దాకా లేవలేదు, రెండు రోజులు అంతే. ఎవరి మీదా కేకలేయలేదు. గుమస్తాతో టీ తాగాడు, వాళ్ల పై అధికారి పిల్లల చదువుల గురించి మాట్లాడాడు. మూడో రోజు ఒక బస్తా విప్పించి గుప్పెడు తీసి గుమస్తా ముక్కు దగ్గర పెట్టాడు. తుమ్ములు ఆగాక స్టాంపు పడింది. "దళాల తరలింపు వేగవంతానికి దౌత్య కృషి" అని ఎక్కడ చదివినా నాకు ఆ కుర్రాడే గుర్తొస్తాడు.

త్వరగా జరిగిన సందర్భాలూ ఉన్నాయి. అప్పట్లో ఇండోనేషియా చేతిలో ఉన్న తూర్పు తైమూర్‌లో 1999 ఆగస్టు 30న రెఫరెండం జరిగింది, 78 శాతానికి పైగా స్వాతంత్ర్యం కోరారు, వెంటనే హింస చెలరేగింది. ఇండోనేషియా మీద ఆక్లాండ్‌లో ఏపెక్ (ఆసియా-పసిఫిక్ దేశాల ఆర్థిక వేదిక) సమావేశానికి వచ్చిన నేతలు, అప్పులిచ్చే సంస్థలు, కోఫీ అన్నన్ ఫోన్లు, అన్నీ ఒకేసారి పడ్డాయి. సెప్టెంబరు 12న ఇండోనేషియా అధ్యక్షుడు హబీబీ ఒప్పుకున్నారు, 15న తీర్మానం, 20న ఆస్ట్రేలియా నాయకత్వంలో సైన్యం తైమూర్ రాజధాని దిలీలో దిగింది. ఐదే రోజులు! కానీ అది నీలం హెల్మెట్ల దళం కాదు, బహుళజాతి దళం. ఆస్ట్రేలియా పక్కనే ఉంది, తన సైన్యాన్ని ముందే సిద్ధం చేసుకుంది, మొదట ఖర్చు కూడా తనే పెట్టుకుంది. 2006లో లెబనాన్‌కైతే ఇటలీ, ఫ్రాన్స్ లాంటి ధనిక దేశాలే సైన్యాన్నిచ్చాయి. ఆగస్టు 11న తీర్మానం, ఫ్రాన్స్ మొదట 200 మంది అంటే నవ్వులపాలైంది. 25న బ్రస్సెల్స్‌లో అన్నన్ యూరప్ విదేశాంగ మంత్రులతో కూర్చున్నాక 2 వేలకు పెంచింది, ఇటలీ 3 వేల దాకా అంది. సెప్టెంబరు 2న ఇటలీ సైనికులు లెబనాన్‌లోని టైర్ పట్టణ తీరంలో దిగారు. ఓడలూ, ఇంజినీర్లూ వాళ్లవే.

రువాండా గురించి రాయాలంటే చేయి రాదు. 1994 మే 17న 5,500 మందిని పంపాలని తీర్మానం. ఊచకోత జరుగుతూనే ఉంది. ఆఫ్రికా దేశాలు మనుషులను ఇస్తామన్నాయి కానీ వాళ్ల దగ్గర సాయుధ వాహనాల్లేవు. అమెరికా దగ్గర ఉన్నాయి, కానీ అద్దె ఎంత, రవాణా ఖర్చు ఎవరిది అని వారాల తరబడి బేరం సాగింది. జులై 25 నాటికి అక్కడున్నది 550 మంది. అప్పటికే హంతకులు తాము చంపాలనుకున్న వాళ్లను చంపేశారు.

డబ్బు సంగతి ఇక్కడ ఒక ముక్క. దేశాలకు ఐరాస తలకు నెలకు ఇంత అని తిరిగి చెల్లిస్తుంది, 2018లో దాన్ని 1,428 డాలర్లు చేశారు. సామగ్రికి వేరే అద్దె, అది పనిచేస్తున్నట్టు తనిఖీలో తేలితేనే. సభ్య దేశాలు వాటాలు బకాయి పెడితే ఈ చెల్లింపులు ఆగుతాయి. బడ్జెట్ ఆమోదం పొందేదాకా ఆగకుండా, ఐరాస బడ్జెట్ సలహా కమిటీ సమ్మతితో సెక్రటరీ జనరల్ ముందే 10 కోట్ల డాలర్ల దాకా ఖర్చుచేసే వెసులుబాటు ఉంది. ఇటలీలోని బ్రిండిసిలో జనరేటర్లు, వాహనాలు లాంటి నిల్వలూ ఉన్నాయి. 2000లో శాంతి పరిరక్షణ పనితీరు మీద ఐరాస తెప్పించుకున్న బ్రాహిమీ నివేదిక మామూలు మిషన్ అయితే 30 రోజుల్లో, క్లిష్టమైనదైతే 90 రోజుల్లో దిగాలని గడువు పెట్టిన తర్వాత పెరిగిన ఏర్పాట్లు ఇవి. గడువు మాత్రం దాదాపు ఎప్పుడూ తప్పుతూనే ఉంది.

ఈమధ్యది కావాలంటే హైతీ. 2023 అక్టోబరు 2న అక్కడి ముఠాలను అదుపు చేసే బహుళజాతి దళానికి మండలి అనుమతిచ్చింది, కెన్యా నాయకత్వం వహిస్తానంది. 2024 జనవరిలో కెన్యా హైకోర్టు, రెండు దేశాల మధ్య ఒప్పందం లేకుండా పోలీసులను పంపడం చెల్లదంది. సంతకం పెట్టడానికి హైతీ ప్రధాని ఏరియల్ హెన్రీ నైరోబి వెళ్లారు. మార్చి 1న సంతకం అయింది. ఆయన తిరిగొచ్చేలోపు ముఠాలు విమానాశ్రయాన్ని దిగ్బంధించాయి. ప్యూర్టోరికోలో చిక్కుకుపోయి అక్కడి నుంచే రాజీనామా ప్రకటించారు. దళాన్ని రప్పించే సంతకం కోసం వెళ్లిన మనిషి, ఆ దళం లేకపోవడం వల్ల ఇంటికి రాలేకపోయాడు. మొదటి బ్యాచ్ దిగింది జూన్ 25న. అనుకున్నది 2,500 మంది, ఏడాది దాటినా వెయ్యి దగ్గరే ఆగింది.

హైదరాబాదీలకు ఈ నత్తనడక కొత్తేం కాదు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారత్ మీద భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. మొయిన్ నవాజ్ జంగ్ బృందం పారిస్ వెళ్లింది. మండలి దాన్ని ఎజెండాలోకి తీసుకుంది సెప్టెంబరు 16న. మరుసటి రోజు ఇక్కడ నిజాం లొంగిపోయాడు. ఆ వేగం మనకు మేలే చేసిందనుకోండి, అది వేరే సంగతి.

మీరు చివర్లో అడిగారు, ఐరాస సొంతంగా ఒక చిన్న సైన్యం పెట్టుకోవచ్చు కదా అని. డెన్మార్క్ చొరవతో కొన్ని దేశాలు 1990లలో ఒక సత్వర బ్రిగేడ్ పెట్టి చూశాయి, 2009లో మూసేశాయి. 2015 నుంచి దేశాలు తమ దళాల వివరాలు ఐరాస దగ్గర నమోదు చేస్తున్నాయి, పై స్థాయిలో నమోదైనవి అడిగిన 60 రోజుల్లో కదలాలి. నమోదు చేసినంత మాత్రాన పంపాలని లేదు, ప్రతిసారీ ఆ దేశం మళ్లీ ఒప్పుకోవాలి. పెద్ద దేశాలకు ఐరాస చేతిలో తుపాకీ ఇష్టం లేదు, చిన్న దేశాలకు ఆ తుపాకీ తమ వైపు తిరుగుతుందని భయం. కాబట్టి నా సర్వీసులో చూడలేదు, మీ సర్వీసులో కూడా చూస్తారని అనుకోను. పరీక్షలో రాసేటప్పుడు దార్ఫూర్‌లో 1706కు, 1769కు మధ్య ఆ పదకొండు నెలలు మాత్రం వదిలిపెట్టకండి.